ఆరు పుంజీల చక్రం

మొన్న వానల్లో విశాఖపట్నం వెళ్లాను. నాలుగు రోడ్ల కూడలిలో ఆటో ఆగితే ఒకామె చిన్న చిన్న గుడ్డ జెండాలు అమ్ముతూ దగ్గరకొచ్చింది. తుంపర పడుతోంది. ఒకటి కొని, తడవకుండా గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. ఇల్లు చేరి చెయ్యి విప్పితే అరచెయ్యి నిండా నారింజ రంగు. జెండాలో తెలుపు ఉండాల్సిన చోట తెలుపు లేదు. పంపు కింద చెయ్యి పెట్టి రుద్దుకుంటుంటే ఆ రంగునీళ్లు చూసి ఒక్క క్షణం భయమేసింది. ఈ వయసులో ఇదేమిటని నవ్వొచ్చింది కూడా. ఆ భయం ఇప్పటిది కాదు. నా పదేళ్లప్పటిది.

మా ఊరు నాగావళి ఒడ్డున. ఊరు ఇప్పటికీ ఉంది గాని, నేను చెబుతున్న ఊరు లేదు. బడికి రెండు గదులు, పెంకుల వసారా. ఐదు తరగతులకీ ఒక్కరే మేస్టారు. ఆయన శ్రీముఖలింగం వైపు మనిషి. మా ఊళ్లోనే ఒక గది తీసుకుని ఉండేవారు. పొట్టిగా ఉండేవారు, ఎండైనా వానైనా చేతిలో గొడుగు ఉండేది. కోపం వస్తే కొట్టేవారు కాదు, మాట్లాడటం మానేసేవారు. మాకు బెత్తం కంటే అదే ఎక్కువ భయం.

ఐదు దాటాక చదవాలంటే ఏరు దాటాలి. మగపిల్లలు పొద్దున్నే చోడి అంబలి తాగి దోనెలో అవతలి ఊరి బడికి పోయేవారు. ఆడపిల్లల చదువు ఒడ్డునే ఆగిపోయేది. మా నాన్న చదువు వద్దనే మనిషి కాదు. కాని ఒక వరదలో దోనె తిరగబడటం ఆయన గట్టు మీద నిలబడి కళ్లారా చూశాడు. ఊళ్లో ఆరో తరగతి వస్తే చదువుకోమని, ఏరు దాటే చదువుకి మాత్రం పంపేది లేదని నాతో ముందే చెప్పేశాడు. ఆయన ఒకసారి అన్నాడంటే మళ్లీ దాని ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

మేస్టారు ఆరో తరగతి కోసం అర్జీల మీద అర్జీలు పెట్టారు. నేను ఐదులో ఉన్న ఏడాది, జెండా పండుగ రోజున స్కూళ్ల ఇన్‌స్పెక్టరు తానే వచ్చి బడి చూస్తానని కబురు పంపారు. ఆయన వచ్చేది నా ఒక్కదాని కోసమేనని నేను అనుకునేదాన్ని.

పండుగకి పది రోజుల ముందు మేస్టారు మాకొక పని పెట్టారు. జెండాలో రంగులకి అర్థమేమిటో ఎవరింట్లో వాళ్లు అడిగి రావాలి. పుస్తకంలో ఏముందో ఆ తరవాత ఆయన చెబుతారు.

ఆ సాయంత్రం వాన వెలిసింది. ఊడ్పుల నుంచి వచ్చిన వాళ్లు అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. బురద వాసన, లోపల అమ్మ కాలుస్తున్న ఉప్పుచేప వాసన. నేనడిగితే నాన్న పెద్దగా ఆలోచించకుండా ఆకుపచ్చంటే ఊడ్చిన మడి, తెలుపంటే అన్నం, కాషాయమంటే పండిన చేను అన్నాడు. పండిన చేను కాషాయమెక్కడ, అది పసుపు కదా అని అమ్మ లోపల్నించే అంది. మా మావ, అంటే అమ్మ తమ్ముడు, చీపురుపల్లి స్టేషన్లో గ్యాంగుమేను. ఆ రోజు మా ఇంటికొచ్చి ఉన్నాడు. ఆయనకి జెండా అంటే రైలు జెండాయే. కాసేపు తల గోక్కున్నాడు.

"పైనున్నది ఇంచుమించు ఎరుపే. ఆగమంటాది. కిందది పచ్చ. పొమ్మంటాది. మజ్జన సెక్రం తిరుగుతాది. మరి బండేటి సేస్తాదే?"

అరుగంతా నవ్వింది. మామ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడ మా నాన్నకి తల్లి. పుట్టిల్లు నూలు వడికే ఊరు. చిన్నప్పుడు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, రాట్నం మీద వెంట్రుకంత సన్నటి నూలు తీసిన చెయ్యి ఆవిడది. తన చిన్నప్పటి జెండాలో చక్రం లేదని, రాట్నం ఉండేదని చెప్పింది. "రాట్నానికి అర్థం నాను సెప్పగలను. ఈ సెక్రానికి మీ మేస్టర్నే అడుగు" అంది.

మర్నాడు మేస్టారు అందరి అర్థాలూ ఓపిగ్గా విన్నారు. మావ మాట చెప్పినప్పుడు గొడుగు చాటున ముఖం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. తరవాత నల్లబల్ల మీద రంగు సుద్దలతో బొమ్మ వేశారు. కాషాయం ధైర్యానికీ త్యాగానికీ, తెలుపు శాంతికీ సత్యానికీ, ఆకుపచ్చ నేలకీ పంటకీ నమ్మకానికీ గుర్తు. నీలి చక్రం ధర్మానిది. బండి చక్రానికి ఆకులున్నట్టే దీనికీ ఆకులుంటాయి, ఇరవై నాలుగు. అది ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి, ఆగిందంటే అంతా అక్కడే నిలిచిపోతుంది. ఇదంతా ఇన్‌స్పెక్టరు గారి ముందు చెప్పటానికి నన్ను ఎంచారు.

ఇక నా కాళ్లు నేల మీద లేవు. పెరట్లో రోలు మీదికెక్కి మేకలకి ఉపన్యాసం చెప్పేదాన్ని. గోడ మీద బొగ్గుతో చక్రాలు గీసి అమ్మ చేత తిట్లు తిన్నాను. "తెలుపు సత్యానికి గుర్తు" అన్నచోట కుడిచెయ్యి పైకెత్తాలని నాకు నేనే నిర్ణయించుకున్నాను.

పండుగ నాలుగు రోజులుందనగా మేస్టారు జెండా ఉన్న ట్రంకుపెట్టె తెరిచారు. కప్పు కారి పెట్టెలోకి చెమ్మ దిగింది. మూడు రంగుల ఖద్దరు గుడ్డలు కలిపి కుట్టిన జెండా అది. తెలుపు మీద నల్లటి బూజు చుక్కలు పడ్డాయి. కొత్తది తేవాలంటే టౌనుకి వెళ్లాలి. వానలకి బస్సు రోడ్డు తెగిపోయింది, ఏరు నిండుగా పారుతోంది. మేస్టారు జెండాని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చారు. చన్నీళ్లలో కుంకుడు రసం వేసి మెల్లగా జాడించి నీడలో ఆరెయ్యాలని మీ మామ్మకి చెప్పమన్నారు. మామ్మకి చెప్పమన్నారు. నన్ను ఉతకమనలేదు.

ఇంటికి వెళితే ఎవరూ లేరు. మామ్మతో సహా అందరూ మడికి పోయారు. వాళ్లొచ్చేసరికి తెల్లగా చేసి చూపిద్దామనుకున్నాను. కుంకుడు రసంతో రుద్దాను. చుక్కలు పోలేదు. నాన్న పంచెలకి మరకలు పడితే మామ్మ చాకలి సోడా వేసి ఉడకబెట్టడం చూశాను కదా. పొయ్యి రాజేసి, కుండలో నీళ్లు పోసి, సోడా వేసి, జెండాని అందులో ముంచాను. తడి కట్టెల పొగ, ఉడుకుతున్న ఖద్దరు వాసన వంటింటి నిండా కమ్ముకున్నాయి. కాసేపటికి నీళ్లు ఎర్రబడ్డాయి. అప్పుడైనా తీసెయ్యాల్సింది. చుక్కలు పోతున్నాయేమోనని కర్రతో ఇంకా తిప్పాను.

తీసి చూస్తే బూజు పోయింది. తెలుపు కూడా పోయింది. పై సగం నారింజ, కింద సగం పాచి రంగు. చక్రం వెలిసిపోయి బూడిద గీతల్లా మిగిలింది.

ఏడవటానికి కూడా భయమేసింది. నీళ్లు పెంటకుప్ప వెనక పారబోసి, కుండ తోమి, జెండాని దూడల పాకలో అటక మీద గడ్డిలో దూర్చాను.

మర్నాడు మేస్టారు అడిగితే, "ఆరతన్నాది మేస్టారూ" అన్నాను. ఆ మాట అంత సులువుగా వచ్చేసిందని నాకే ఆశ్చర్యం. ఆ మర్నాడు అడిగితే ఇస్త్రీ చెయ్యాలన్నాను. సరేనని ఆయన ఉపన్యాసం చెప్పించుకున్నారు. కాషాయం బాగానే నడిచింది. తెలుపు దగ్గరకొచ్చేసరికి కుడిచెయ్యి పైకి లేవలేదు. సత్యం అన్న ముక్క గొంతు దాటలేదు. జలుబు చేసిందేమో, మిరియాల కషాయం తాగమన్నారు మేస్టారు. ఆయన అంత మంచిగా అనేసరికి నాకు ఇంకా భారమైంది. ఇంటికొస్తే అమ్మ నాకిష్టమైన పనసగింజల కూర చేసింది. రెండు ముద్దలు తిని లేచిపోయాను. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం లేదే అంది.

నా లెక్కలో జరగబోయేది స్పష్టంగా ఉంది. జెండా లేకుండా పండుగ జరుగుతుంది. ఇన్‌స్పెక్టరు జెండా కూడా సరిగ్గా ఉంచుకోలేని ఊరికి ఆరో తరగతి ఎందుకంటారు. మేస్టారు ఇక నాతో ఎప్పటికీ మాట్లాడరు. నేను పిడకలు చేసుకుంటూ ఇంట్లో ఉంటాను.

ఆ మధ్యాహ్నమే మామ్మ గుడ్ల కోసం అటకెక్కింది. మా పెట్ట గడ్డిలో పెట్టేది. నేను చూసి పరిగెత్తేసరికే ఆవిడ చేతిలో గుడ్లకి బదులు జెండా ఉంది.

"ఇదేటే గుంటా?"

నాకు ఆపుకోలేనంత ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పాను. మేస్టారికి రెండు రోజులుగా చెబుతున్న అబద్ధాలు కూడా చెప్పాను. మామ్మ తిట్టలేదు. గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"సోడా ఎంత ఏసినావు?"

"రెండు పిడికిళ్లు."

"పంచెకే నాను సిటికెడు ఏస్తాను" అంది.

అటక దిగి నేరుగా తన చెక్కపెట్టె దగ్గరికి వెళ్లింది. అడుగునుంచి ఒక తెల్లటి మడత తీసింది. వయసులో తాను వడికిన నూలుతో నేయించుకున్న గుడ్డ అది. తాను పోయినప్పుడు మీద కప్పటానికని దాచుకుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆ గుడ్డ ముట్టుకుంటే చేతిలో ఉన్నట్టే ఉండదు. కత్తెర తెమ్మంటే నేను కదల్లేదు.

"సచ్చీటప్పటికి ఇంకోటి నేయించుకుంతాను. నాకేటంత తొందర" అంది.

అన్నట్టే ఆవిడ ఆ తరవాత పద్నాలుగేళ్లు బతికింది.

ఆ సాయంత్రం జెండా కుట్లు విప్పి మూడు గుడ్డలూ వేరు చేశాం. కాషాయం కొంచెం వెలిసింది. ఇంతకు ముందు మరీ మెరుస్తుండేది, ఇప్పుడే సన్నాసుల గుడ్డలా సరిగ్గా ఉందని మామ్మ అంది. ఆకుపచ్చ కొంత దిగినా చూడటానికి తేడా తెలియటం లేదు. మర్నాడు ఆదివారం. పొద్దున్నే వసారాలో వెలుతురు చూసుకుని కూర్చున్నాం. బయట ముసురు. అమ్మ మా ఇద్దరి మధ్యా వేయించిన జొన్నలు పెట్టి, ఏమీ అడక్కుండా మడికి వెళ్లిపోయింది. మామ్మ ఏం చెప్పిందో నాకు తెలియదు.

చక్రం దగ్గర ఆగాను. గుండ్రానికి ఇత్తడి గిన్నె బోర్లించి గీశాం. కాని ఇరవై నాలుగు ఆకులు ఎడం సమంగా రావాలంటే ఎలా? నాకు లెక్కలొచ్చు గాని ఇది రాలేదు. మామ్మకి అంకెలు రావు. పిడకలైనా నారు కట్టలైనా నాలుగేసి చొప్పున పుంజీల్లోనే లెక్కపెట్టేది.

"ఇరవై నాలుగంటే ఆరు పుంజీలు కదే. ముగ్గే ఇది" అంది.

గుండ్రాన్ని సగానికి మడిచింది, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి. విప్పితే ఎనిమిది మడతలు పడ్డాయి. పక్కపక్క మడతల మధ్యన రెండేసి చుక్కలు పెట్టించింది. మడతలు ఎనిమిది, చుక్కలు పదహారు. అయిపోయింది. తన పాత చీర అంచు నుంచి నీలి దారం పోగులు లాగి సూదికెక్కించమంది. ఆవిడకి చూపు ఆనదు, కుట్టాల్సింది నేనే. రెండు వైపులా ఒకేలా కనబడాలి. వేలికి ఎన్నిసార్లు గుచ్చుకుందో చెప్పలేను. రక్తం తెలుపుకి అంటకుండా వేలు నోట్లో పెట్టుకుని చీకేదాన్ని. ఒక ఆకు వంకరపోతే ఆవిడ వేలితో తడిమి కనిపెట్టి విప్పించింది. మాట్లాడుతూనే ఉంది. చక్రం ఎందుకు పెట్టారని అడిగింది. మేస్టారు చెప్పింది చెప్పాను. రాట్నమైనా అంతే, ఆగితే నూలు తెగుతాదని తల ఊపింది.

పొద్దు వాలేవేళకి మూడు గుడ్డలూ కలిపి కుట్టాం. ఇద్దరం ఆకులు లెక్కపెట్టాం. నేను అంకెల్లో, ఆవిడ పుంజీల్లో. సరిపోయింది. మామ్మ మడతపెట్టి నా చేతిలో పెట్టింది. నువ్వూ రా మామ్మా అన్నాను.

"కుట్టింది ఇద్దరం. సెప్పీది నువ్వొక్కర్తివే" అంది.

మేస్టారి గదిలో ఉలవచారు కాగుతోంది. గుమ్మం దగ్గరే నిలబడి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. తల ఎత్తలేదు. ఆయన జెండా విప్పి దీపం దగ్గరికి తీసుకెళ్లారు. చాలాసేపు మాట్లాడలేదు. ఇక అయిపోయింది అనుకున్నాను. అప్పుడు ఆ తెల్లగుడ్డ ఎక్కడిదని అడిగారు. చెప్పాను. ఆయన దాన్ని కళ్లకద్దుకున్నారు.

"రేపు ఆయన అడిగితే?" అన్నారు.

నేనే చెబుతానన్నాను.

"అడక్కపోతే నేను చెబుతాను. నీ చేతికిచ్చింది నేనే కదా" అన్నారు.

తిరిగి వస్తుంటే దారిలో వర్షం పట్టుకుంది. తడుస్తూనే నడిచాను. మూడు రోజుల తరవాత నాకు ఆకలేసింది.

మర్నాడు ఊరంతా బడి ముందుంది. మడిపని ఆ పూటకి మానేశారు. ఇన్‌స్పెక్టరు పొడుగ్గా, కళ్లజోడుతో, బురదైన బూట్లతో వచ్చారు. ఆయన తాడు లాగితే జెండా విప్పుకుని గన్నేరు పూలు రాలాయి. అందరూ పాడుతున్నారు. అప్పుడే తుంపర మొదలైంది. నేను పాడటం ఆపేశాను. పైనున్న కాషాయం తడిసి కిందికి దిగుతుందేమోనని అటే చూస్తూ నిలబడ్డాను. దిగలేదు. పోవాల్సిన రంగంతా ఆ కుండలోనే పోయింది.

పాట అయ్యాక ఇన్‌స్పెక్టరు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పైకి చూశారు. మిగతా రెండు గుడ్డలకీ మధ్యదానికీ పోలిక లేదేమిటి మేస్టారూ అని అడిగారు. మేస్టారు నోరు తెరిచారు. నేను ముందుకెళ్లాను. అందరి ముందూ, నాన్న ముందూ, ఎలా పాడుచేశానో, ఎలా దాచానో, ఎవరు బాగుచేశారో చెప్పాను. ఉపన్యాసం కోసం నేర్చుకున్న పెద్ద మాటలేవీ రాలేదు. మా ఊరి మాటలే వచ్చాయి.

ఆయన మామ్మని పిలిపించారు. ఆవిడ ఆడవాళ్ల వెనకనుంచి కొంగు సర్దుకుంటూ వచ్చింది. చక్రానికి ఎన్ని ఆకులు పెట్టారమ్మా అని ఆయన అడిగారు.

"ఆరు పుంజీలు బాబూ."

ఆయన వేళ్ల మీద లెక్క చూసుకున్నారు. ముఖంలో నవ్వొచ్చింది. ఇంట్లో ఇలా కుట్టి ఎగరెయ్యటం పద్ధతి కాదని, కొత్త జెండా తానే పంపుతానని చెప్పారు. "ఈ పూటకి మాత్రం ఇదే ఉండనివ్వండి" అన్నారు. తరవాత గదులు చూశారు, కారుతున్న కప్పు చూశారు, ఐదులో ఆడపిల్లలెందరని అడిగి ఏదో రాసుకుని వెళ్లిపోయారు. ఆరో తరగతి గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. మాకు మరమరాలు, నిమ్మతొనల బిళ్లలు పంచారు.  ఇంటికొచ్చే దారిలో నాన్న తన వాటా బిళ్ల కూడా నా చేతిలో పెట్టాడు.

కొత్త జెండా మాట ప్రకారం వచ్చింది. ఆరో తరగతి కబురు రాలేదు. ఊడ్పులు అయ్యాయి, చేలు పొట్టకొచ్చాయి, కోతలయ్యాయి. కళ్లాల్లో నూర్పిడి జరుగుతుండగా ఒకరోజు మేస్టారు గొడుగు చంకలో పెట్టుకుని పొలాల గట్ల మీదుగా ఇంచుమించు పరుగెత్తుతూ వచ్చారు. చేతిలో ఉత్తరం. వచ్చే ఏడాది నుంచి ఆరో తరగతి. ఇంకో మేస్టారు కూడా. ఆయన చదువుతుంటే నాన్న చేతిలోని కట్టని కింద పెట్టి వినేసి, మళ్లీ ఎత్తుకుని పనిలో పడ్డాడు. ఇంతేనా అని నాకు కష్టమేసింది. ఆ పగలు అన్నం తిన్నాక మాత్రం కళ్లంలోనే గడ్డి మీద వాలి పొద్దువాలేదాకా నిద్రపోయాడు. పని రోజుల్లో నాన్న పగలు పడుకోవటం మేమెవరం ఎప్పుడూ చూడలేదు. లేపబోతే అమ్మ వద్దంది.

ఆ బడిలో ఐదుగురం ఆడపిల్లలం ఆరు చదివాం. తరవాత ఏడు కూడా వచ్చింది. అది దాటేసరికి ఏటి మీద వంతెన పడింది. నేను టీచరునై, పెళ్లయి, పిల్లల తల్లినయ్యాక ఒకసారి పుట్టింటికి వెళితే ఆ రోజుల ప్రస్తావన వచ్చింది. ఆ కొన్ని నెలలూ నేనెంత భయపడ్డానో నవ్వుతూ చెప్పాను. నాన్న నవ్వలేదు.

"నువ్వొక్కర్తివే అనుకున్నావేటి. ఆ ఉత్తరం రాకపోతే ఏటి సేద్దునో నాకే తెలీదు. నిన్ను ఆపీడం నా వల్ల అయ్యీది కాదు. ఆ ఏరు దాటించడమూ నా వల్ల అయ్యీది కాదు" అన్నాడు.

అన్నేళ్లూ ఆయన నన్ను ఆపే మనిషనే అనుకున్నాను. ఆ ఏటి ఒడ్డున ఇద్దరం చిక్కుకున్నామని, ఆ ఉత్తరం ఇద్దర్నీ గట్టెక్కించిందని అప్పుడు తెలిసింది.